సూరమ్మత్త చేతులు

మా వీధి చివర ఆయుర్వేదం మందుల దుకాణంలో అప్పుడప్పుడు వావిలాకు ఉడకబెట్టి తైలం కాస్తారు. ఆ రోజు దాని ఆవిరి పచ్చిగా, చేదుగా మా మెట్లదాకా వస్తుంది. కూరల సంచీతో వస్తున్నదాన్ని అక్కడే ఆగిపోతాను. ఆ వాసన తగిలితే చాలు, రాయపూర్‌లో గుఢియారీ వైపు రైలు పట్టాల పక్కన మా పాత క్వార్టరు, దాని వెనక వరండా, ఆ వరండాలో సత్తుగిన్నెలో పొగలు కక్కే నీళ్ళలో రెండు చేతులూ ముంచుకుని, పెదవి బిగించి కూర్చున్న మా సూరమ్మత్త కళ్ళముందుకు వస్తుంది.

సూరమ్మత్త నాన్నకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే, పిల్లలు లేని మనిషిని శ్రీకాకుళం నుంచి నాన్న తనతో రాయపూర్ తెచ్చుకున్నాడు. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ, కొళాయి దగ్గర ఛత్తీస్‌గఢీ, ఈ మూడింటినీ కలిపి అత్త తనకంటూ ఒక భాష చేసుకుంది. మా క్వార్టర్ల వరసలో ఆడవాళ్ళందరికీ అది అర్థమయ్యేది. వానలు కాస్త తెరిపిచ్చి ఎండ పొడచూపగానే పక్కింటి సుఖ్‌వంతిన్ ఎద్దుల పండగ పోలాకి చేసిన ఠేఠరీ, ఖుర్మీ పళ్ళెంలో పెట్టి గోడమీంచి అందించేది. కరకరలాడే ఆ కారప్పుల్లల్నీ, బెల్లం బిళ్ళల్నీ ఒళ్ళో పోసుకుని మేము తొక్కుడుబిళ్ళ ఆడుతూ తినేవాళ్ళం. అటు చూస్తే అత్త వరండాలో బొంత పరుస్తూ ఉండేది.

బొంత కుట్టడమంటే అత్తకు పని కాదు, ఒక రకం పూజ. పాత నేతచీరలు ఉతికి గంజి పోయేదాకా జాడించి, ఎండలో ఆరేసి, ఒకదాని మీద ఒకటి ముడత లేకుండా పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టేది. చీర అంచుల్లోంచి లాగిన రంగుదారాలకు మైనం రాసి, కుడిచేతి నడిమి వేలికి ఇత్తడి టోపీ తొడుక్కుని, ఒక అంచునుంచి మొదలుపెడితే చీమల బారులాగా కుట్టు నడిచిపోయేది. నేను బొంత మీద పడుకుని, కింద నేల చల్లదనం, పైన ఎండ వెచ్చదనం, చెవి దగ్గర సూది గుడ్డలో దిగే టప్పు టప్పు చప్పుడు, దూరంగా షంటింగ్ ఇంజను కూత వింటూ నిద్రపోయేదాన్ని.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళుండగా అమ్మ మళ్ళీ నీళ్ళోసుకుంది. నా తర్వాత ఇద్దరు కడుపులోనే పోయారు కాబట్టి ఇంట్లో ఎవరూ ఆ సంగతి గట్టిగా మాట్లాడేవారు కాదు. చలికాలంలో పురుడు. అత్త మాత్రం ఆ వానల్లోనే పెట్టె తీసి, మెత్తబడిన చీరలు ఏరి, పసిబిడ్డకు బొంత మొదలుపెట్టింది.

ఆ ఏడు వాన వదల్లేదు. గోడలు చెమర్చాయి. బియ్యంలో పురుగు పట్టింది. ఒక పొద్దున్న కాఫీ గ్లాసు అత్త చేతిలోంచి జారి పడింది. మర్నాడు చెంబు. ఆ తర్వాత నేను చూశాను, అత్త వరండా మూల గోడవైపు తిరిగి కూర్చుని, ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళను ఒక్కొక్కటే పట్టుకుని తెరుస్తోంది. కణుపులు నేరేడుపళ్ళలా ఉబ్బి ఉన్నాయి. రెండు చేతులూ అలాగే ఉన్నాయి.

"ఏటయింది అత్తా?"

"ఏటీ అవలేదు. సలికి పట్టీసినాయి. మీ అమ్మకి సెప్పకు గుంటా, కడుపుతో ఉన్న మనిషి."

నేను చెప్పలేదు. అత్త దాచడం నేర్చుకుంది. అందరికంటే ముందు లేచి వావిలాకు కాచి చేతులకు కాపడం పెట్టుకునేది. పప్పు రుబ్బడం నాకు అప్పజెప్పి, పిల్లకు పని రావాలి కదా అనేది. ఆముదం వేడిచేసి రాసి, పాత పంచె చింపి వేళ్ళకు చుట్టి, ఆ కట్లతోనే సూది పట్టుకునేది. అయినా కుట్టు తప్పటడుగులు వేసింది. ఎన్నడూ వంకర పోని బారు పాములా మెలికలు తిరిగింది. సాయంత్రం కుట్టిందంతా మర్నాడు విప్పేది. ఎన్ని రోజులైనా బొంత ఒక జానెడు కూడా ముందుకు జరగలేదు. అమ్మ కడుపు మాత్రం పెరుగుతూనే ఉంది.

ఎవరు చెప్పారో తెలీదు, గుఢియారీ బజారులో ఒకాయన కీళ్ళకు పొడి ఇస్తాడని విని అత్త వెళ్ళింది. పాత పేపరు ముక్కల్లో మడిచిన చిన్న పొట్లాలు తెచ్చుకుంది. తెల్లటి పొడి. వేసుకున్న రెండో రోజే అత్త చెయ్యి పైకెత్తి, వేళ్ళు చాచి, ముడిచి, మళ్ళీ చాచి నాకు చూపించింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు తనే రుబ్బింది, తనే నీళ్ళు మోసింది, మధ్యాహ్నం కూర్చుంటే ఎండ దిగేదాకా లేవలేదు. కుట్టు మళ్ళీ చీమల బారయింది. నేను గెంతులేశాను.

పొట్లం పొట్లానికీ అత్త మారింది. ఆకలి పెరిగింది. ఎముకలు తేలిన మొహం నున్నగా గుండ్రంగా తయారైంది. వరసలో ఆడవాళ్ళంతా మనిషి తేరుకున్నావని మెచ్చుకున్నారు. అత్త నవ్వేది. కానీ ఆమె మోచేతుల మీద ఏ దెబ్బా తగలకుండానే నల్లటి మచ్చలు పడేవి. కాళ్ళ మీద వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. ఆ గుంట పూడేదాకా నేను అక్కడే కూర్చుని చూసేదాన్ని.

సుఖ్‌వంతిన్ మాత్రం మెచ్చుకోలేదు. ఆమెది ఆరంగ్ అనే ఊరు. ఒక మధ్యాహ్నం వచ్చి అత్త చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఆ మచ్చలు ఒక్కొక్కటే తడిమింది.

"దీదీ, ఏ పుడియా ఝన్ ఖా," అంది చివరికి. ఈ పొట్లం తినకు అని. తన అత్తగారు కూడా ఇలాగే ఎవరో ఇచ్చిన పొడి తిని, ఇలాగే మొహం నిండి, ఒకనాడు పొలం గట్టు మీద పడి మరి లేవలేదని చెప్పింది.

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. "బచ్చా వచ్చీదాకా. బొంత అయిపోనీ, మానీస్తాను."

మానే అవకాశం ఆమెకు రాలేదు. దీపావళి దాటాక పొట్లాలు అయిపోయి అత్త నన్ను వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళింది. కొట్టుకు తాళం. పక్క పాన్‌డబ్బావాడు, వైద్యుడు ఊరెళ్ళాడు, ఎప్పుడొస్తాడో తెలీదన్నాడు. మాలాగే వచ్చినవాళ్ళు మరికొందరు ఆ తాళంవంక చూస్తూ మెట్లమీద కూర్చున్నారు. అందరి మొహాలూ గుండ్రంగా ఉన్నాయి. తిరిగి వస్తుంటే అత్త నా చెయ్యి వదల్లేదు. చల్లటి గాలిలో ఆమె అరచెయ్యి నా చేతిలో చెమటతో జారిపోతోంది.

తర్వాత రోజుల్లో నొప్పి ఇదివరకటికంటే ఘోరంగా తిరిగొచ్చింది. అన్నం సయించలేదు, తాగిన నీళ్ళు కూడా నిలవలేదు. ఒక మధ్యాహ్నం బొంత ముందు కూర్చున్న అత్త సూది గుడ్డలో ఉండగానే పక్కకు ఒరిగిపోయింది. పిలిస్తే కళ్ళు తెరిచింది కానీ నన్ను పోల్చుకోలేదు. అమ్మ నిండు నెలల కడుపుతో లేవలేక గోడ పట్టుకుని సుఖ్‌వంతిన్‌ను కేకేసింది. నాన్న షెడ్డులో ఉన్నాడు. సుఖ్‌వంతిన్ రిక్షా పిలిచి, అత్తను పసిపిల్లలా ఒళ్ళో వేసుకుని రైల్వే ఆస్పత్రికి పట్టుకుపోయింది. మిగిలిన ఖాళీ పొట్లం కాగితం కూడా కొంగున కట్టుకుని వెళ్ళింది.

అదే అత్తను బతికించిందని తర్వాత నాన్న చెప్పేవాడు. డాక్టరు ఆ కాగితం చూసి, మొహం చూసి విషయం గ్రహించాడట. ఆ పొడిలో కలిపిన బలమైన మందుకు ఒళ్ళు అలవాటు పడిందనీ, అలాంటిది ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం పోతుందనీ, మెల్లమెల్లగా తగ్గించుకు రావాలనీ చెప్పాడు. అత్త ఆస్పత్రిలో ఉండగానే చెల్లెలు పుట్టింది. మంత్రసాని బిడ్డను చేతికిస్తే సుఖ్‌వంతిన్ అత్త మొదలుపెట్టిన బొంతలోనే చుట్టింది. మిగిలిన సగం ఎప్పుడు కుట్టిందో ఆమే కుట్టేసింది. అత్త కుట్టు సన్నం, ఆమె కుట్టు పొడుగు. చెల్లెలు ఆ బొంతలోనే పెరిగింది.

ఇంటికొచ్చిన అత్త మనిషి సగమయింది. వేళ్ళు పక్కకు వాలిపోయాయి, మరి నిటారు కాలేదు. అయినా కుట్టు మానలేదు. సైకిలు ట్యూబు ముక్క కోసి దానితో సూది పట్టి లాగేది. కత్తెర పిడులకు గుడ్డ చుట్టింది. పెద్ద బొంతలు వదిలి, ఒళ్ళో పట్టే చిన్న చదరాలు కుట్టి వాటిని నాచేత కలిపించేది. ఎండ వరండాలోకి వచ్చాక మొదలుపెట్టి, వేళ్ళు వేడెక్కగానే ఆపేసేది. "సెయ్యి సెప్పినట్టు ఇనాలి గుంటా," అనేది, "నాను ఇనలేదు." చెల్లెలు హైస్కూల్లో ఉండగా అత్త కొళాయి దగ్గర జారి పడింది. ఆ మందు డొల్ల చేసిన తుంటి ఎముక పుటుక్కున విరిగింది. ఆ చలికాలం దాటలేదు.

ఆ క్వార్టర్లు పడగొట్టేశారు. సుఖ్‌వంతిన్ కొడుకుల దగ్గరికి ఆరంగ్ వెళ్ళిపోయింది, తర్వాత కబురు లేదు. మా అపార్టుమెంటులో చలికాలం ఎండ ఖాళీ బాల్కనీల మీద పడి వెళ్ళిపోతుంది. దుప్పట్లు కొంటున్నారు, పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకుంటున్నారు. నలుగురు ఆడవాళ్ళు ఒక గుడ్డ చుట్టూ కూర్చుని, మాటల మధ్యలో ఒకరి చేతులు ఒకరు చూసుకునే చోటు లేకుండా పోయింది. మా అంతస్తులో ఏ తలుపు వెనక ఎవరు ఏ నొప్పి దాచుకుని కూర్చున్నారో నాకు తెలీదు.