పాత యంత్రాల జాతరలో ఒక సత్తుగిన్నె

దసరా నాడు ఇనుమును పూజించడం మా నల్లగొండ ప్రాంతంలో తరతరాలుగా వస్తున్న ఆచారం. నాగలికర్రు మొదలుకొని కుట్టుమిషను దాకా, ఇంటనున్న ప్రతి పనిముట్టూ ఆ ఉదయం స్నానమాడి, పసుపుకుంకుమలు ధరించి, బంతిపూల దండ మెడలో వేసుకొని వాకిట నిలుస్తుంది. అయితే ఆ గౌరవమంతా పనిచేస్తున్న వాటికే. పనిమానిన యంత్రాన్ని దసరా నాడు కూడా ఎవరూ తలచుకోరు. కొట్టంలో, పత్తికట్టెల కింద, కోళ్లకు గూడై అది తన తుప్పును తానే మోస్తూ ఉంటుంది.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన కొన్నేళ్లకు, ఈ అన్యాయాన్ని సరిచేయాలన్న ఆలోచన మా ఊరి విశ్రాంత లారీ డ్రైవరుకు కలిగింది. ఆయన పాత లారీకి కట్టెతో చేసిన ముందు గది, రబ్బరు బంతిని నొక్కితే బాతులా అరిచే హారను, ఇంజను రగిల్చేందుకు ముందువైపు దూర్చి తిప్పే ఇనుప హ్యాండిలు ఉండేవి. ఒకనాడు మా అరుగు మీద కూర్చొని ఆయన ఇలా అన్నాడు:

"సారూ, దసరాకు కొత్త బండ్లకే దండలేస్తరు. ముసలి బండ్లు ఏం పాపం జేసినయ్? అన్నిట్ని ఒక్క జాగల నిలవెడదాం. నకిరేకల్ నుంచి గూడ జనం వస్తరు సూడు."

నేను జీవితమంతా పాఠశాలలో తెలుగు బోధించినవాణ్ణి. యంత్రాలకూ నాకూ ఉన్న సంబంధం సైకిలుతో మొదలై సైకిలుతోనే ముగిసింది. అయినా ఉత్తరాలు రాయడానికీ, వచ్చినవారిని ఆహ్వానించడానికీ, ఒక్కొక్క యంత్రం ముందు దాని పేరు చెప్పే బోర్డు నిలపడానికీ ఒకడు కావాలి గనుక, ఆ బాధ్యత నా మీద పడింది. మూతపడిన పాత బియ్యం గిర్ని ఆవరణను వేదికగా ఎంచుకున్నాం. వడ్లు ఆరబోసే విశాలమైన గచ్చు అక్కడ చెక్కుచెదరకుండా ఉంది.

వారం తిరిగేసరికి చుట్టుపక్కల ఊళ్ల నుండి కబుర్లు వచ్చాయి. నాలుగు లారీలు, చెరకు గానుగ, పల్లికాయ ఒలిచే మిషను, తోలుబొక్కెనతో సహా మోట సామగ్రి. నాలో చాలాకాలంగా నిద్రించిన పాండిత్యం మేలుకొన్నది. పేంటరును పిలిపించి, తెల్లటి రేకుల మీద ఎర్రటి అక్షరాలతో పేర్లు రాయించసాగాను. లారీకి 'భారవాహక శకటము' అన్నాను. గిర్నిలోని మరకు 'ధాన్యకండన యంత్రము' అన్నాను. డ్రైవరు తన బోర్డు ముందు చాలాసేపు నిలబడి, చివరకు వినయంగా అన్నాడు:

"మంచిగున్నది సారూ. కని గిది సదివి జెప్పెటందుకు పక్కపొంటి ఇంకో సారును నిలవెట్టాలె."

ఆ మాటకు పేంటరు నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పటికింకా నా తెలివి నాకు ముద్దుగానే ఉంది.

ఆ రోజుల్లోనే, గొర్లమందను కాచి, చెలకను సాగుచేసి బతికిన ఒక వృద్ధురాలు గిర్నికి వచ్చింది. నాకంటె పెద్దది గనుక నేనామెను అక్కా అని పిలిచేవాణ్ణి. గచ్చు మీది యంత్రాలనన్నింటినీ ఒకసారి కలియజూసి, నా ఎదుట నిలబడింది.

"సారూ, మా బాయికాడి ఆయిల్ ఇంజన్ గూడ పెట్టుకో. కని ఒక్క మాట. అది నడ్వాలె. ఉత్తగ నిలవెడ్తనంటె ఇయ్య."

"చూడడానికే కదక్కా ఈ ప్రదర్శన. నడిపించడమెందుకు?"

"సూసెటోళ్లకు సూపెట్టు. మా ముసలాయనకు కండ్లు గానరావాయె. ఆయన ఇనాలె."

విషయమేమిటని అడిగితే, గచ్చు అంచున చతికిలబడి మొత్తం చెప్పింది. వారు మందలో సగం గొర్లను అమ్మి ఆ ఇంజను కొన్నారు. ఎన్నో ఏళ్లు అది బావిలోని నీళ్లను చెలకకు ఎత్తిపోసింది. తరువాత కొడుకులు కరెంటు మోటారు బిగించి, ఇంజనును ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చి కొట్టంలో పెట్టారు. అప్పటికే ముసలాయన చూపు పోయింది. పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చే వ్యాపారి ఒకనాడు ఊళ్లోకి వచ్చాడు. పక్కింటివాళ్లు తమ ఇంజనును వాడికి వేశారు. ఈమె విరిగిన నాగలికర్రులు వేసింది. అరుగు మీద కూర్చున్న ముసలాయన బరువైన ఇనుము బండికెక్కిన చప్పుడు విన్నాడు. సాయంత్రం ఇంట్లో ఉల్లిగడ్డల వాసన పట్టాడు. ఆ రెంటినీ కలిపి, ఇంజనును పెళ్లామే అమ్మేసిందని తీర్మానించాడు.

"కొట్టంలకు దోల్కపోయి చెయ్యి పట్టి ముట్టిచ్చిన సారూ. 'కంపెనీలకెల్లి అన్నీ ఒక్కతీరుగనే వస్తయ్, ఎవరిదో పనికిరానిది తెచ్చి వెట్టినవ్' అంటడు. గప్పటిసంది ఇంట్ల ఏ సామాను కనవడకపోయినా 'ఉల్లిగడ్డలకు ఏసిందేమో' అని ఎత్తివొడుస్తడు. సొంత మొగడే దొంగ అనంగ ఎన్నేండ్లు వడాలె? దాని గొంతు ఇంటె ఆయనే ఒప్పుకుంటడు."

మాట ఇచ్చాను. ఇంజను వచ్చింది. నకిరేకల్ మెకానిక్కు దాన్ని విప్పి, లోపల అరిగిన భాగాలను మార్చి, కొత్త బెల్టు తగిలించాడు. మా ప్రాంతంలో ఒక అలవాటు ఉంది. పెద్దల ముందుకు పోయేటప్పుడు ఉతికిన బట్ట కట్టినట్టే, పూజకు నిలిపే ఇనుముకు కొత్త రంగు పడాలి. పాతదాన్ని పాతదిగానే చూపాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. చొట్టలు పూడ్చాం, తుప్పు గీకాం, ఆకుపచ్చ రంగు పూశాం. పొగగొట్టం కొసన ఒక చిన్న సత్తుగిన్నె బోర్లించి, తీగతో వదులుగా కట్టి ఉంది. పొగకు నల్లబడి, అంచు వంకరపోయి, అది నా కంటికి బహు వికారంగా తోచింది.

"దాన్ని తీసివేయండి. వచ్చినవారు చూసి నవ్వుతారు" అన్నాను.

మెకానిక్కు తీగ తెంపి కింద పడేశాడు. ఇంజను ముందు 'జలోద్ధరణ తైలయంత్రము' అన్న బోర్డు నిలబడింది.

దసరా మరునాడు జాతర. బతుకమ్మకు పుట్టిళ్లకు వచ్చిన ఆడబిడ్డలు ఇంకా తిరిగి వెళ్లలేదు గనుక, గిర్ని ఆవరణ ఉదయానికే నిండిపోయింది. లారీల ముందు గుమ్మడికాయలు కొట్టారు. రబ్బరు హారనును పిల్లలు వంతులవారీగా నొక్కి, మధ్యాహ్నానికి దాని గొంతు బొంగురు చేశారు. గానుగ దగ్గర చెరకురసం కోసం నిలబడిన ముసలమ్మలు తమ కాలపు గానుగలో ఎద్దు ఎట్లా మొరాయించేదో చెప్పుకొని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు. డ్రైవరు తన లారీని స్వయంగా నడుపుకొంటూ ఆవరణలోకి వచ్చాడు. అంతకుముందు గేటు బయట హ్యాండిలు ఆరుసార్లు తిప్పినా అది రగలలేదు. ఏడోసారికి అది దగ్గి లేవగానే జనం వేసిన ఈల నాకింకా వినబడుతున్నది.

ముసలాయన ఎడ్లబండిలో వచ్చాడు. కొత్త ధోవతి, భుజాన గొంగడి. ఆయన్ను ఇంజను ఎదుట కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన గచ్చు మీద ఆమె కూర్చుంది. నీళ్లు తొట్టిలో నుండి గొట్టం గుండా పైకెక్కి మళ్లీ తొట్టిలోనే పడేలా అమర్చాం. మెకానిక్కు హ్యాండిలు తిప్పాడు. రెండు పెద్ద చక్రాలు కదిలాయి. ఇంజను తొలిపిలుపుకే పలికింది. మెత్తగా, ఒక్క తీరుగా, తొణకని స్వరంతో. నీళ్లు తెల్లగా దూకాయి. జనం చప్పట్లు కొట్టారు.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"గిది మాది గాదు."

"ఎట్ల గాదు తాతా? మీ కొట్టంలకెల్లే తెచ్చినం" అన్నాడు మెకానిక్కు.

"కొట్టంల ఉన్నది మాదని ఎవలు జెప్పిండ్రు? మా ఇంజన్ గిట్ల మాట్లాడది. గిది పట్నం ఆఫీసరు లెక్క సన్నగ మాట్లాడుతాంది."

జనం పకపకా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. "ఇంట్ల సాలదని ఊరి నడుమ గూడ దొంగను జేస్తివి" అని గొణిగి, కొంగుతో ముఖం తుడుచుకుంది. లేచి, ముసలాయన చేయి పట్టుకొని "పా, ఇంటికి పోదాం" అన్నది. అంతదాకా నేను దాన్ని ముసలి దంపతుల ముచ్చటైన పోట్లాటగానే భావించాను. ఆమె గొంతులోని అలసటను ఆ క్షణాన విన్నాను.

రెండడుగులు వేసి ఆమె ఆగింది. నడుస్తున్న ఇంజను వైపు చెవి ఒగ్గి, చాలాసేపు విన్నది. తరువాత, తనకే నష్టమయ్యే మాటను, ఏ మాత్రం దాచకుండా అన్నది:

"సారూ, ఆయన అన్నది నిజమే. నాకు గూడ గిది మా ఇంజన్ సప్పుడు లెక్క ఇనవడ్తలేదు."

ఇంజను చుట్టూ తిరిగింది. చక్రాన్ని చూసింది, బెల్టును చూసింది. తల పైకెత్తి పొగగొట్టం కొసను చూసింది.

"నా గిన్నె ఏది?"

మెకానిక్కు నా వైపు చూశాడు. పేంటరు కూడా నా వైపే చూశాడు.

"ఏ గిన్నె అక్కా?" అని అడిగాను గాని, నాకు తెలుసు.

"నా సద్దిగిన్నె. వానకాలం నీళ్లు వడకుంట నేనే బోర్లిచ్చి కట్టిన. పొగ తన్నినప్పుడల్ల అది ఎగిరి వడ్తది. దాని సప్పుడుకే ఊరందరికి మా బాయి నడుస్తుందని ఎరుక."

ఊరంతటి ఎదుట నేను ముందుకు వచ్చి, దాన్ని తీసివేయమన్నది నేనేనని చెప్పాను. నలభై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి. ఆనాటి తప్పు నాది. పేంటరు మెల్లగా మూలకు నడిచి, తన డబ్బాల మధ్య నుండి ఒక గిన్నె తెచ్చాడు. లోపలంతా ఎర్రరంగు పేరుకొని ఉంది. దాన్ని తీసివేసిన నాటినుండి నా సంస్కృత సమాసాలన్నీ ఆ గిన్నెలో కలిపిన రంగుతోనే రాశాడట.

"మంచిగ చేతికి సరిపోయిందని ఉంచుకున్న అవ్వా" అన్నాడు.

"నేను సద్ది తిన్న గిన్నెల రంగు కలుపుతవార! నీ చేతులు వడిపోను!" అంటూనే ఆమె గిన్నెను లాక్కొని, కొంగుతో అంచు తుడిచింది. అప్పుడే ఆమె ముఖంలో నవ్వు వచ్చింది.

ఇంజను ఆపి, కొత్త తీగతో గిన్నెను యథాస్థానంలో కట్టారు. మెకానిక్కు మళ్లీ హ్యాండిలు తిప్పాడు. తొలి పొగ గిన్నెను ఎగరేసింది. అది ఠంగుమని పడింది. మళ్లీ ఎగిరింది, మళ్లీ పడింది. వంకర అంచు వల్ల రెండు దెబ్బలకొకసారి ఒక చిన్న తడబాటు. ఠంగు, ఠంగు, టక్కు. ఠంగు, ఠంగు, టక్కు.

ముసలాయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. ఆయనే గొంతెత్తి, చెలక అవతలి గట్టుదాకా వినబడేంత గట్టిగా పిలిచాడు.

"ఓయ్! మొదటి మడి నిండింటది. నీళ్లు రెండోదానికి మర్లియ్యి పో!"

ఆమె ఆలోచించలేదు. కొంగు నడుముకు చెక్కి, పార కోసం చేయి చాచి, గబగబా నాలుగడుగులు వేసింది. పాదాల కింద మట్టికి బదులు గిర్ని గచ్చు తగిలేసరికి నిలిచిపోయి, వెనక్కి తిరిగింది. అప్పుడు ఆవరణంతా ఒక్కసారి గొల్లుమన్నది. అందరికంటె ఎక్కువగా ఆమే నవ్వింది. గచ్చు మీద కూలబడి, కడుపు పట్టుకొని నవ్వింది.

"మడి యాడున్నదయ్యా! ఇది గిర్ని! ఇగ ఇప్పుడన్న జెప్పు, అమ్మిన్నా నేను?"

"అమ్మలే" అన్నాడు ముసలాయన, అందరూ వినేలాగ. అంతలోనే అడిగాడు: "మరి గా ఉల్లిగడ్డలు యాడియి?"

"ఇరిగిన కర్రులు ఏసి తీస్కున్న! నెలదినాలు గవి కూరల ఏపిచ్చుకొని తిన్నది నువ్వే!"

"కమ్మగుండె" అని ఒప్పుకున్నాడాయన.

సాయంత్రందాకా ఇంజనును ఆపనివ్వలేదు. ఆ చప్పుడు విని, పక్క చెలకలవాళ్లు కొందరు, ఏనాడో వినడం మానిన ఆ బావి ఇంజను మళ్లీ ఎక్కడ మొదలైందా అని వెతుక్కుంటూ వచ్చారు. చివరకు ముసలాయనే చేయెత్తి, "ఇగ బంద్ జెయ్యుండ్రి. డీజిల్ అంత ఇయ్యాలనే తాగిపిస్తరా? రేపటి తడికి ఉండాలె" అన్నాడు.

నేను పేంటరును పిలిచి, ఆ బోర్డును తిప్పి వెనుకవైపు రాయించాను. 'గొర్లమ్మి కొన్న ఇంజను. దీని మీది గిన్నె ఇంటామెది.' దాన్ని చదవడానికి మరొక సారు అవసరం పడలేదు.

అటు తరువాత ప్రతి దసరాకూ ఆ కొట్టం ముందు నేను తప్పక ఆగుతాను. ఇంజనుకు పసుపు, చక్రాలకు దండలు, గిన్నెకు ప్రత్యేకంగా ఒక బొట్టు. గిన్నె లోపలి ఎర్రరంగు ఇంకా పోలేదు. కిరసనాయిలు పోసి రుద్దితే పోతుందని ఒకసారి సూచించాను.

"ఉండనీ సారూ" అన్నది ఆమె. "నువ్వు వచ్చినప్పుడల్ల నీకు యాదికుండాలె గద."