తొండూరు పాప తాగిన పాలు

ప్రొద్దుటూరులో మత్తు డాక్టరుగా చేరిన కొత్తలో, తొండూరు దగ్గరి పల్లె నుంచి నాలుగేళ్ల పాపను తెచ్చారు. ఎన్నికల కక్షల్లో ఎవరో గడ్డివామిలో దాచిన నాటుబాంబు పేలి, ఆమె కుడిచేతి వేళ్లు నలిగిపోయాయి. అంత చిన్నపిల్లకు నేనొక్కడినే ఎప్పుడూ మత్తు ఇవ్వలేదు. శిక్షణలో పక్కన మా మేడం ఉండేది.

"ఏమన్నా తినిందా?" అని అడిగాను.

"పొద్దున్నుంచి ఏమీ తినల్యా సార్," అన్నాడు తండ్రి.

పక్కనున్న అవ్వ తల వంచుకుంది. "దోవలో ఏడుస్తాంటే నేనే గ్లాసుడు పాలు తాపినా నాయనా."

కడుపులో పాలుండగా మత్తిస్తే, అవి పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. రక్తం ఆగింది కాబట్టి ఆరు గంటలు ఆగుదామని సర్జన్‌ను ఒప్పించి, పాపకు నొప్పి తగ్గే మందిచ్చాను.

వరండాలో పాప తండ్రి పార్టీ మనుషులు లేచి నిలబడ్డారు. "పిల్ల అట్ల ఏడుస్తాంటే ఏంది సార్ చూస్తాండావు?" అన్నాడొకడు. పాలు అరగకుండా మత్తిస్తే ప్రాణానికే ముప్పని చెప్పినా వాళ్లు తగ్గలేదు. అయినా ఆగాను.

సాయంత్రం ఆపరేషన్ అయింది. రెండు వేళ్లు పోయాయి. పాప కళ్లు తెరిచి అవ్వను పిలిచాకే నేను కూర్చున్నాను. తండ్రి దగ్గరికొచ్చి, "తాగిందంటే వెనక్కి పంపుతారనుకున్యా సార్," అన్నాడు.