నా సాక్ష్యం నేను చెప్పుకుంటా

తలకు దెబ్బ తగిలి, ఆపరేషనై ఇంటికొచ్చాక, నన్ను చూడ్డానికి చాలామంది వచ్చారు. నన్ను పలకరించినవాళ్ళు మాత్రం తక్కువ. ఆపిల్ పళ్ళ కవరు స్టూలు మీద పెట్టి, నా మంచం పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, మా ఆయన వైపు తిరిగి అడిగేవాళ్ళు: "మనుషుల్ని గుర్తుపడుతుందా?"

గుర్తుపట్టకేం! అడిగిన పెద్దమనిషెవరో గుర్తుంది, మా పెళ్ళిలో మాంసం ముక్కలు తక్కువ పడ్డాయని అలిగి విస్తరి ముందునుంచి లేచిపోయింది ఆయనేనని కూడా గుర్తుంది. రానిది మాట. గ్లాసు కనపడుతుంది, నీళ్ళు కనపడతాయి, దాహం తెలుస్తుంది, ఆ పేరొక్కటే దొరకదు. గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. అది బయటికొచ్చేలోపే "పాపం, పిచ్చితల్లి" అని నిట్టూర్చి లేచేవాళ్ళు. ఇంకొందరు నాకు చెవుడు కూడా వచ్చిందనుకున్నారో ఏమో, మీద పడి అరిచేవాళ్ళు. కుక్కర్ విజిల్ వేస్తేనే తల పగిలిపోయేది నాకప్పుడు.

నేను ప్రత్తిపాడు దగ్గర ఒక ప్రైమరీ స్కూల్లో టీచర్ని. క్లాసులో గోల ఎక్కువైతే బెత్తం తియ్యను, ఒక్క కేక వేస్తాను, అంతే. గొంతు మీద బతికిన మనిషిని. మిరపకాయల కోతలు జోరుగా ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం బడినుంచి స్కూటీ మీద వస్తున్నాను. మిరపకాయల టిక్కీలు, అదే గోనె బస్తాలు, నింపిన ట్రాక్టర్ ట్రక్కొకటి వెనక లైటు లేకుండా, కనీసం ఒక చెట్టుకొమ్మైనా గుర్తు పెట్టకుండా రోడ్డు మీదే ఆపేసి ఉంది. డ్రైవరు టీ తాగడానికి వెళ్ళాడట. మసక చీకట్లో వెళ్ళి దాన్ని గుద్దేశాను. కళ్ళు తెరిచేసరికి బ్రాడీపేటలో ఆస్పత్రి, నెత్తిన కట్టు, కట్టు కింద సగం గుండు. ఆ వేళప్పుడు ఆడమనిషికి స్కూటీ ఏంటి అన్నవాళ్ళే అందరూ. ఆ వేళప్పుడు రోడ్డు మీద ట్రక్కేంటి అని అడిగినవాడు ఒక్కడు లేడు.

మా ఆయనకు సెంటర్లో మోటార్ వైండింగ్ షాపు. మధ్యాహ్నాలు షాపు మూసేసి నన్ను బస్సులో బ్రాడీపేట తీసుకెళ్ళేవాడు, మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి. నాకంటే చాలా చిన్నపిల్ల. నాకు బొమ్మలు చూపించి పేర్లు చెప్పమనేది. ఒకటో క్లాసు పిల్లలకి నేను చూపించే బొమ్మలే! సిగ్గుతో చచ్చిపోయాను. చివర్న మా ఆయనతో ఒక మాట చెప్పింది. "ఆవిడ మాట కోసం వెతుక్కుంటుంటే మీరు అందించొద్దండీ. ఎంతసేపైనా ఆగండి."

ఆగడం ఆయన వల్ల అయ్యే పనా? టీ చల్లారేదాకా ఆగలేక నోరు కాల్చుకునే మనిషి. మొదట్లో నేను నోరు తెరిస్తే చాలు, "ఉప్పా? నీళ్ళా? ఫ్యానా? మందా?" అని వరసపెట్టేవాడు. ఆ హోరులో నేను వెతుక్కునే మాట ఎటో కొట్టుకుపోయేది. ఒకరోజు ఒళ్ళు మండి ఉప్మా ప్లేటు తీసి గోడకేసి కొట్టాను. ఆయన గుడ్డ తెచ్చాడు. గోడ తుడిచాడు. ఆ తర్వాత మళ్ళీ అందించలేదు. నేను తడుముకుంటున్నంతసేపూ చొక్కా జేబులో కరెంటు టెస్టర్ పట్టుకుని దాని క్లిప్పు లాగి వదిలేవాడు. టిక్కు, టిక్కు. ఆ చప్పుడు వింటే నాకు తెలిసిపోయేది, మాట ఆయన దగ్గరుందని. ఒక్కోసారి ఏడుపొచ్చేది, చెప్పి చావచ్చుగా అనిపించేది. చెప్పేవాడు కాదు. నేను దాన్ని పట్టుకున్నాక మాత్రం ఆయన మొహం చూడాలి, కాలిపోయిన మోటారు మళ్ళీ తిరిగినట్టు వెలిగేది.

ఆయన మంచివాడు. ఆ సంగతి ఊరు చెప్పాలా నాకు? మా ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషీ ఆయన టీ కలుపుతుంటే బుగ్గన చెయ్యి పెట్టుకునేది. "ఇట్లాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడమ్మా! ఇంకొకడైతే ఈపాటికి..." అని ఆపేసేది. ఇంకొకడైతే ఏం చేసేవాడో నా మొహం మీదే లెక్కలు! మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఏళ్ళ తరబడి మంచాన ఉంటే, ఒళ్ళు తుడిచింది నేను, గంజి పట్టింది నేను, పక్క గుడ్డలు ఉతికి బడికి పరిగెత్తింది నేను. అప్పుడు ఎవరి చెయ్యీ బుగ్గ మీదికి పోలేదు. కోడలన్నాక చెయ్యదా అన్నారు. ఆయన ఒక గ్లాసు టీ పెడితే దేవుడైపోయాడు.

కోతలు అయ్యాక, కూలీలకు తీరిక దొరికాక, మా వదిన, అంటే మా ఆయన అక్క, కృతజ్ఞతా కూడిక పెట్టించింది. మా చర్చి సంఘంలో జబ్బునుంచి లేచినవాళ్ళు ఇంటి ముందు పందిరి వేయించి, పాస్టరుగారితో ప్రార్థన చేయించి, అందరికీ భోజనం పెట్టి, మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాలి. దేవుడు తనకు చేసిన మేలు ఆ మనిషే తన నోటితో చెప్పుకోవాలి. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, చదువు రాని ముసలమ్మ కూడా లేచి తన సాక్ష్యం తానే చెప్పుకుంటుంది. నా దగ్గరికొచ్చేసరికి వదిన నా ముందే తమ్ముడితో అంది: "ఆమెకి మాట తిరగట్లేదుగా. నువ్వు చెప్పరా. దేవుడు పూర్తిగా స్వస్థపరిచాడని చెప్పు."

"పూర్తిగా తగ్గలేదక్కా ఇంకా."

"అట్లా అనకూడదురా, విశ్వాసం లేనట్టు ఉంటుంది."

మాట రాని మనిషికి పూర్తిగా తగ్గిపోయిందట! నాకు దేవుడి మీద కోపం లేదు, ఆయన నన్ను ఎప్పుడూ తొందరపెట్టలేదు. కోపమంతా వీళ్ళ మీదే. ఈ ఒక్కసారి ఊరుకుంటే ఇక నా నోరు నాది కాదనిపించింది. రేపు బడిలోనూ నా తరఫున ఎవరో ఒకరు మాట్లాడేస్తారు, నేను కుర్చీలో కూర్చుని నవ్వుతూ ఉండాలి. వదిన వెళ్ళాక వంటింట్లో మా ఆయనతో చెప్పాను, ఆగి ఆగి చెప్పాను. "నేనే... చెప్పుకుంటా." టెస్టర్ రెండుసార్లు టిక్కుమంది. "సరే" అన్నాడు.

ఆ సాయంత్రం పందిరి నిండింది. కల్లాల వైపునుంచి మిరపకాయల ఘాటు వచ్చి వెనక వరసలో ఒకటే దగ్గు. పాటలయ్యాక పాస్టరుగారు మా ఆయన పేరు పిలిచారు. ఆయన వెళ్ళి మైకు తీసుకుని, "వందనాలండి. మా ఆవిడే చెప్పుద్దండి" అని మైకు నా చేతికిచ్చి వచ్చి కూర్చున్నాడు. వదిన నుదురు కొట్టుకుంది.

"అందరికీ... వందనాలు," అన్నాను. అక్కడిదాకా బాగానే వచ్చింది. "నాకు... ఇంకా..."

ఆగిపోయింది. వెంటనే ఎవరో "స్తోత్రం!" అన్నారు. వెనకనుంచి "హల్లెలూయా!" కీబోర్డు వాయించే అతను నేను ఆపేశాననుకుని పాట ఎత్తుకోబోయాడు. ముందు వరసలోంచి వదిన, "స్వస్థత! స్వస్థత అను!" అంది. "అద్భుతం" అంది ఒకామె. "కృప, కృప" అంది పాస్టరమ్మగారు. నా నోట్లో ఎవరికి తోచిన మాట వాళ్ళు కుక్కుతున్నారు. మా ఆయన వైపు చూశాను. నోరు బిగించుకుని కూర్చున్నాడు, చెయ్యి జేబు మీద ఉంది. అంతమందిలో నాకు మాట అందించనిది ఆయనొక్కడే. అంత గోలలో ఆ టిక్కు వినపడలేదుగానీ, వేలు కదలడం కనపడింది.

అప్పుడు దొరికింది.

"ఆగండి!"

బడిలో వేసే కేకే అది. మైకు కీచుమంది. పందిరంతా ఊరుకుంది.

"నాకు ఇంకా... తగ్గలేదు. తగ్గు... తోంది. నేను మాట్లాడేదాకా... ఆగండి. నా భర్త... ఆగాడు. దేవుడు... ఆగాడు. మీరూ... ఆగండి."

చెప్పి కూర్చున్నాను. ఎక్కడా స్తోత్రం రాలేదు. పాస్టరుగారు గొంతు సవరించుకుని, ప్రార్థన చేసి ముగించారు.

భోజనాల దగ్గర వదిన ప్లేటులో వేడివేడి బిర్యానీ పెట్టించుకుని మా దగ్గరికొచ్చింది. కళ్ళు తడిగానే ఉన్నాయి. వచ్చి నన్ను దాటేసి తమ్ముడి భుజం మీద చెయ్యేసింది. "ఎంత బాగా నేర్పావురా!"

ఆయన తల తిప్పాడు. నా వైపు చూశాడు. చెయ్యి జేబు మీదికి పోయింది. ఇక తప్పక వదిన కూడా నా వైపు తిరిగింది. నేను నోరు తెరిచాను. మాట కోసం వెతికాను. ఆమె పెదవులు కదిలాయి, ఏదో అందించబోయి మా ఆయన మొహం చూసి మూసుకుంది. ప్లేటు పట్టుకుని నిలబడింది. నేను తొందరపడలేదు.

"నేర్చుకుంది... నేను... వదినా."

అప్పటికి ఆమె చేతిలో బిర్యానీ చల్లారిపోయింది. చల్లారనీ.