ఊఁ కొట్టని పెట్టె

ప్రమోద రాసిన రిపోర్టు 1979లో ఆమె పైఅధికారి పేరుతో అచ్చయింది. అమెరికాలో, ఆరిజోనాలోని చాండ్లర్ దగ్గర ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఏడాదిపాటు రక్తపరీక్షలు చేసింది, ఫలితాలు తేల్చింది ఆమే. చివరి కృతజ్ఞతల్లో కూడా ఆమె పేరు లేదు.

"వెళ్లి అడుగు," అన్నాడు భర్త నరసింహం.

"గ్రీన్‌కార్డ్ పేపర్స్ మీద సైన్ చేసేది ఆయనేగా," అని ఊరుకుంది.

ఆ ల్యాబ్‌కి పక్కనున్న రిజర్వేషన్ నుంచి, అంటే అక్కడి ఆదివాసులకు కేటాయించిన నేల నుంచి, మిసెస్ ఆంటోన్ వచ్చేది. ఓధమ్ తెగ మనిషి, డెబ్బై ఏళ్లు, బుట్టలు అల్లేది. ప్రమోద ఆమెను అమ్మమ్మా అని పిలిచేది. ఒక జూన్‌లో సూది గుచ్చుతూ అడిగింది.

"ఈ లోకం ఎలా పుట్టిందంటారు మీవాళ్లు, అమ్మమ్మా?"

"ఇప్పుడు చెప్పకూడదు. పాములు మేలుకుని ఉన్నాయి. అవి పడుకున్నాక, చలికాలం రా."

ఇంకొకరైతే లైబ్రరీకి వెళ్లేవారు. ప్రమోద ఆరు నెలలు ఆగింది. ఆ ఆగడమే నాకు గొప్పగా తోస్తుంది.

ఈలోగా అక్కడి తెలుగు సంఘం ఏటా అచ్చువేసే సావనీర్ సంచిక సంపాదకుడు కృష్ణమోహన్ ఆ కథ తనకే ఇవ్వాలని మాట తీసుకున్నాడు. డిసెంబరులో ఆమె టేప్‌రికార్డర్ పట్టుకుని వెళ్లింది.

కథ మొదలైంది. ప్రమోద అలవాటుగా ఊఁ కొడుతోంది. మిసెస్ ఆంటోన్ ఆగింది.

"ఎందుకా మూలుగు? కడుపునొప్పా?"

"మా దగ్గర వినేవాళ్లు ఊఁ కొట్టాలి అమ్మమ్మా. లేకపోతే చెప్పేవాళ్లు ఆపేస్తారు."

ముసలామె బల్లమీది రికార్డర్ వైపు గడ్డం ఎత్తి చూపింది. "మరి ఇది ఊఁ కొట్టడం లేదే."

ప్రమోద టేపు తీసి ఆమె చేతిలో పెట్టింది. రికార్డర్‌ని కార్‌లో పెట్టి వచ్చింది. కథ మళ్లీ మొదటినుంచి మొదలై, ఆ చలికాలం ఆదివారాలన్నీ సాగింది.

కృష్ణమోహన్ ఫోన్ చేశాడు. "రెండు పేజీలు ఖాళీగా ఉంచానండీ. ఆవిణ్ణి అడగాలంటారేంటి? ఆవిడేమైనా తెలుగు చదువుతుందా?"

"నా రిపోర్ట్ మీద పేరు మార్చినాయన కూడా నేనేమీ అననులే అనుకున్నాడు. ఆవిణ్ణి అడిగి చెప్తాను."

అడిగింది. "వద్దు. నీకు చెప్పాను, పుస్తకానికి కాదు," అంది మిసెస్ ఆంటోన్. ఆ రెండు పేజీల్లో చీరల షాపు ప్రకటన పడింది. కృష్ణమోహన్ ఏడాదిపాటు ప్రమోదతో మాట్లాడలేదు. కథ ఏమిటని తర్వాత, అదే సంఘంలో ఉన్న నేనూ అడిగాను. నాకూ చెప్పలేదు.

రిజర్వేషన్లు చూడ్డానికి వెళ్లి పాటలు రికార్డ్ చేసుకొచ్చినవాళ్లు, క్రతువుల ఫొటోలు తీసుకొచ్చినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఎవరిని అడిగి తీశారో గుర్తు చేసుకోండి. అడగలేదనిపిస్తే ఆ టేపులు, ఫొటోలు ఈ నెలలోనే వాళ్లకు తిరిగి పంపండి. వాళ్ల కథ సావనీర్‌లో వేయాలనుకుంటే ముందు వెళ్లి అడగండి. వద్దంటే ఆ పేజీ ఖాళీగానే వదిలేయండి.