గోదారి తాగని బండి

ఈ వేసవిలో మా ఆయనా నేనూ రాజమండ్రిలో పాత కార్లు అమ్మే ఒక షెడ్డుకి వెళ్ళి, ఎండకి కాగిపోయి ఉన్న ఒక బండి తలుపు తీయగానే, వేడెక్కిన రెగ్జిన్ సీటూ డీజిలూ ఏ మూలో పేరుకున్న దుమ్మూ కలిసిన వాసన గుప్పున ముఖానికి కొట్టింది. కడియంలో మాకు చిన్న నర్సరీ ఉంది. ఒకరోజు లంకల్లో ఇసుక బాటల మీదా, ఇంకోరోజు మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీదా తిరగాల్సిన పని. కొత్తది కొనే స్తోమత లేక, మా అందుబాటులో ఉండే పాత ఎస్‌యూవీ ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నాం. ఆయన ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడుగుతూ ఉంటే నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకు పదేళ్ళప్పుడు నాన్నగారు జీపు కోసం ఊళ్ళు తిరిగిన రోజులు కళ్ళ ముందుకొచ్చాయి.

నాన్నగారు కోనసీమలో పశువుల డాక్టరు. తెల్లారకుండానే తోలుసంచీ స్కూటరుకి తగిలించుకుని ఏటిగట్టు ఎక్కితే, పొద్దు వాలాక ఫినాయిలు వాసనతో ఇంటికొచ్చేవారు, వేడినీళ్ళతో స్నానం చేసేదాకా అమ్మ మమ్మల్ని ఆయన దగ్గరికి పోనిచ్చేది కాదు. ఎండాకాలం గెలలు గెలలుగా ముంజలు, వానాకాలం తాటిపళ్ళు, గోదారి ఎర్రబడితే ఎక్కడో ఒక ఇంటినుంచి పులస ముక్కలు, చలికాలం కాల్చిన తేగలు మా అరుగు మీదికి వాటంతట అవే వచ్చి చేరేవి. అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది జున్నుపాలు. ఏ గేదె ఈనినా మొదటి చెంబు డాక్టరు గారింటికే. అమ్మ బెల్లమూ మిరియాలపొడీ వేసి ఆవిరి మీద పెడితే ఆ ఘుమఘుమకి మేం పుస్తకాలు మూసేసేవాళ్ళం.

ఆ యేడు శ్రావణంలో వారం రోజులు తెరిపి లేని వాన. గట్టు దిగువన సత్తెమ్మ గారి గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురొచ్చింది. ఆవిడకి భర్త లేడు. ఆ గేదె పాలతోనే ఇల్లు నడుస్తోంది. నాన్నగారి స్కూటరు దారిలో నల్లమట్టిలో కూరుకుపోయింది. దాన్ని అక్కడే వదిలేసి, సంచీ నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళేసరికి తల్లీ పిల్లా రెండూ పోయాయి. సత్తెమ్మ గారు పల్లెత్తు మాట అనలేదట. "కాళ్ళు కడుక్కోండి డాక్టరు గారూ, కాసిని మజ్జిగ తాగెల్దురు గాని" అందట. ఆ మాట అమ్మకి చెప్పి నాన్నగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

రెండురోజుల తర్వాత, "జీపుంటే అందుకునేవాణ్ణి" అన్నారు.

మాది వానకి కారే పెంకుటిల్లు. టీచరుద్యోగం చేస్తున్న అమ్మ, ఆ సంవత్సరమైనా డాబా వేసుకుందామని ఆశపడుతూ ఉంది. ఒక్క నిమిషం పైకి చూసి, "ఇంకో నాలుగేళ్ళు కారితే కారుద్ది లెండి. ముందు బండి చూడండి" అంది.

అలా మొదలైంది వెతుకులాట. ఆదివారం వస్తే నాన్నగారూ నేనూ రావులపాలెంలో మెకానిక్ వీర్రాజు గారిని వెంటబెట్టుకుని, హోటల్లో ఉప్మా పెసరట్టు తిని, బస్సెక్కి ఊరూరూ తిరిగేవాళ్ళం. రాజమండ్రిలో చూసిన మొదటి జీపు మీద నాకు మనసు పోయింది. మిరపపండు రంగు, కిటికీలకి పూల కర్టెన్లు, లోపల పాటల డబ్బా. వీర్రాజు గారు ఇంజను వైపు చూడనైనా చూడకుండా కింద పరిచిన రబ్బరు పట్టా ఎత్తి, సీటు అడుగున వేలు పెట్టి గీకి, వేలికంటిన మెత్తటి వండ్రుమట్టి చూపించారు.

"ఇది వరదలో మునిగి గోదారి తాగిన బండండీ డాక్టరు గారూ. ముఖం కడిగారు గానీ కడుపు కడగలేదు."

చెప్పులకంటిన మట్టై ఉంటుందన్నాడు అమ్మేవాడు. "చెప్పులు సీటు స్ప్రింగుల్లోకి ఎక్కవు కదండీ" అన్నారు వీర్రాజు గారు. తిరుగు బస్సులో నేను ఊరొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. రెండోది ఏనుగంత ఉంది గానీ, ఏటి ఇసుకలో దింపితే ఒక్క చక్రమే గిరగిరా తిరుగుతూ కూచుంది. అలా చలికాలం పోయి, ఆవకాయ జాడీలు నిండి, తాటిముంజలు ముదిరే రోజులొచ్చాయి.

మూడోది నరసాపురం దగ్గర ఒక పాస్టరు గారిది. ముప్పై ఏళ్ళు ఊరూరా చర్చిలకి తిరిగి, చూపు మందగించి నడపడం మానేశారాయన. బండి పాచిపట్టిన గోడ రంగులో ఉంది. నేను చూడగానే ముఖం పక్కకి తిప్పుకున్నాను. వీర్రాజు గారు వేలు పెట్టకముందే ఆయనే మొదలుపెట్టారు.

"ఎడం తలుపు లోపల్నించే తియ్యాలండి. రెండో గేరు బతిమాలితే గానీ పడదండి. జోరువానలో వైపరు ఆగిపోద్దండి. అప్పుడు అద్దానికి పొగాకు రుద్దితే నీళ్ళు నిలవవు. దాని కోసం ఓ కాడ బండిలో ఉంచుతానండి. పాస్టరు గారి బండిలో పొగాకేంటని సంఘంలో పెద్ద పంచాయితీ అయిపోయింది!"

వాళ్ళావిడ చింతచిగురు రొయ్యలతో అన్నం పెట్టింది. వీర్రాజు గారు మాత్రం ముందు బండి కింద పడుకుని ఇనప చట్రమంతా తడిమి, కాలవగట్టు మీద పరిగెత్తించి, ఇసుకలో సగం చక్రం దాకా దించి, నాలుగు చక్రాలకీ గేరు వేసి పైకి లాక్కొచ్చి, ఆ తర్వాతే విస్తరి ముందు కూచున్నారు. "రూపం లేదండి గానీ ఎముక గట్టిది" అన్నారు. పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, నాన్నగారితో, "వెళ్ళాల్సిన చోటికి వెళ్ళకుండా ఎప్పుడూ ఆగలేదండి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం రెండుసార్లు ఆగింది" అన్నారు.

మళ్ళీ వానలొచ్చాయి. బడికి సెలవిచ్చిన ఒక మధ్యాహ్నం సత్తెమ్మ గారి తమ్ముడు నిలువునా తడిసి సైకిలు మీద వచ్చాడు. చనిపోయిన గేదెకి అంతకుముందు ఈతలో పుట్టిన పెయ్యదూడ ఒకటి అప్పటికే ఎదిగి ఉంది. ఆ పెయ్యకే ఇప్పుడు తొలిచూలు, ఈనలేకపోతోందట. నాన్నగారు జీపు తీస్తుంటే నేనూ ఎక్కేశాను. గట్టు దిగగానే వైపరు ఆగిపోయింది. నేను కిందికి దూకి, బానెట్ మీదికెక్కి, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా అద్దమంతా పొగాకు రుద్దాను. నల్లమట్టిలో జీపు పడవలా అటూ ఇటూ ఊగింది, మూలిగింది, స్కూటరు కూరుకుపోయిన చోటు దాటింది. నాన్నగారు ఊపిరి బిగబట్టారని, ఆయన గట్టిగా ఊపిరి వదిలినప్పుడు గానీ నాకు తెలియలేదు.

పాకలో ఆయన చేతికి సబ్బునీళ్ళు రాసుకుని, భుజం దాకా లోపలికి పోనిచ్చి, వెనక్కి మడతపడిన దూడ కాలు ఎంతసేపో సర్దారు. ఎట్టకేలకు దూడ గడ్డి మీదికి జారి, ఒళ్ళంతా పొగలు కక్కుతూ, తుమ్మింది. సత్తెమ్మ గారు నాన్నగారి తడిచేతిని కళ్ళకద్దుకుని, బయటికొచ్చి, జీపు ముఖానికి పట్టిన బురద తన పైటచెంగుతో తుడిచింది. నాన్నగారు నీళ్ళ గాబు దగ్గరికి వెళ్ళి చాలాసేపు చెయ్యి కడుక్కున్నారు. ఆ తర్వాత ఎర్రజీపు నాకు గుర్తు రాలేదు. మా ఇల్లు మరో నాలుగు వానాకాలాలు కారింది. గిన్నెల్లో టపటపా పడే చుక్కల మధ్య అమ్మ పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూచునేది, ఒక్కసారీ డాబా మాటెత్తలేదు.

రాజమండ్రి షెడ్డులో చూసిన బండి మేం కొనలేదు. కొవ్వూరులో ఒక రిటైరైన లెక్చరరు గారి దగ్గర, రంగు వెలిసినా చట్రం గట్టిగా ఉన్నది దొరికింది. మొదటి ప్రయాణం నాన్నగారు తిరిగిన లంకల వైపే పెట్టుకున్నాం. గట్టు మీద ఇప్పుడు సిమెంటు రోడ్డు. జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు తిరిగిన రేవు మీద వంతెన వచ్చింది. సత్తెమ్మ గారి పేటలో సగం ఏటిలో కోసుకుపోయింది. పాకల్లో గేదెలు లేవు, బడ్డీకొట్టు ముందు పాలప్యాకెట్ల ట్రేలున్నాయి. జున్ను వాసన తెలిసిన పిల్లలు ఎందరున్నారో. మా జీపు ఏనాడో తుక్కు కింద వెళ్ళిపోయింది.

కొట్టులో టీ ఇచ్చిన ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి ఎవరమ్మాయివని అడిగింది. చెప్పాను.

"డాక్టరు గారు బాగున్నారామ్మా?"

లేరని, ఆరేళ్ళయిందని చెప్పాను. ఆవిడ చేతిలో గ్లాసు తుడిచి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా నవ్వింది.

"మా గేదెలకి ఆయనంటే పడేది కాదమ్మా. గట్టు మీద ఆ జీపు చప్పుడు వినపడితే చాలు, సూదిమందు భయానికి పలుపులు తెంపుకునేవి. మేం మాత్రం ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని కూచునేవోళ్ళం."