పళ్ళ దవాఖానలో సముద్రం

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసిన రోజు మా సారు నన్ను ఆపలేదు. గేటు దాకా వచ్చి మరీ సాగనంపాడు. అంతటి మేధావిని కాబట్టే పాతికేళ్ళు నిండకముందే ఒక సముద్రం కొంప ముంచబోయాను. ఎల్బీ నగర్‌లో సముద్రమేమిటని నవ్వకండి. ఒక పళ్ళ డాక్టరమ్మ క్లినిక్‌లో ఉండేది, అద్దాల తొట్టిలో, ఓ ఆరు బిందెలంత.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో యాదగిరన్న రంగుచేపల దుకాణంలో పని చేసేవాణ్ణి. మంచినీళ్ళ చేపల సంగతి కొంత తెలుసు. ఉప్పునీళ్ళ చేపలు మాత్రం పెద్దింటి అల్లుళ్ళ లాంటివి, ఎందుకు అలుగుతాయో దేవుడికే తెలియాలి. డాక్టరమ్మ తొట్టిలోని రెండు నారింజరంగు చారల చేపలను నాకు అప్పగిస్తూ యాదగిరన్న ఒకటే మాట చెప్పాడు.

"గవి సచ్చినయంటే షాపుకు రాకు. అటే ఎల్బీ నగర్ల నల్గొండ బస్సెక్కు."

నల్గొండ మా ఊరు. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆ బస్సు దొరకడం ఎంత సులువో తెలుసు కాబట్టి ఆ రెండు చేపలకూ మనసులోనే దండం పెట్టుకున్నాను.

రెండో వారంలో ఒక వింత గమనించాను. తొట్టిలో నీళ్ళు రోజుకింత తగ్గుతున్నాయి. కింద చూస్తే చుక్క తడి లేదు. మీరైతే ఏమనుకునేవారో గానీ, నేను మాత్రం దొంగతనం అనుకున్నాను. మొదటి అనుమానం రిసెప్షన్‌లో కూర్చునే స్వరూపక్క మీద. పోలీసు గొంతు పెట్టి, ఈ నీళ్ళు ఎవరైనా తీస్తున్నారా అని అడిగాను.

"ఉప్పునీళ్ళు తీస్కపోయి ఏం జేస్కుంటం తమ్మీ, చారు పెట్టుకుంటమా?"

జవాబు అంత చప్పున వచ్చిందంటే ముందే తయారు చేసి పెట్టుకున్నట్టే కదా! అనుమానం గట్టిపడింది. పోయిన నీళ్ళకు బదులు మళ్ళీ ఉప్పు కలిపిన నీళ్ళే పోశాను. సముద్రం చేపకు సముద్రమే పోయాలన్నది నా సిద్ధాంతం. ఉప్పు కొలిచే మీటరు దుకాణంలో ఉంది గానీ, ఇంత నాలుక ఉండగా మీటరెందుకు? అప్పటికి నేను చూసిన సాగరం నాగార్జునసాగర్ ఒక్కటే అన్న సంగతి ఆ నాలుకకు చెప్పలేదు.

చేపలు డీలాపడ్డాయి. రెక్కలు ముడుచుకుని, మూలకు చేరి, మెట్రో మెట్లన్నీ కాళ్ళతోనే ఎక్కిన పెద్దమనిషిలా రొప్పసాగాయి. మేత వేస్తే మొహం తిప్పుకున్నాయి. డాక్టరమ్మ కోస్తావైపు మనిషి, మెత్తగానే అడిగింది.

"ఏమైంది బాబూ వీటికి? పిల్లలు వీటిని చూస్తూనే నోరు తెరుస్తారు. ఇవి పోతే నేను వైద్యమెలా చెయ్యాలి?"

చూస్తానన్నాను. చూడటమంటే మనుషులను చూడటం. బుగ్గ వాచిన ఒకాయన తొట్టి ముందు కూర్చుని చేపలను పులుసు చూపు చూస్తున్నాడు. పక్కన కూర్చుని, ఎందుకలా చూస్తున్నావని నిలదీశాను. ఆయన నోట్లో దూది, పైగా మత్తుసూది. "ఊఁ" అన్నాడు. ఇంకేం, నేరం ఒప్పుకున్నట్టే.

కారణం దొరికింది: దిష్టి. దిష్టికి మందు మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. రోజూ పొద్దున రెండు పిడికిళ్ళ కల్లుప్పును తొట్టి చుట్టూ మూడుసార్లు తిప్పి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పన్నుపోటోళ్ళ దిష్టి అని తీశాను. చేపలు ఇంకా నీరసించాయి. దిష్టి బలమైనదని అర్థమై, స్వరూపక్క పేరున విడిగా ఇంకో పిడికిలి పెంచాను.

పదిరోజులకు చేపలు పక్కకు ఒరగడంతో డాక్టరమ్మ యాదగిరన్నకు ఫోన్ చేసింది. ఆయన వచ్చి, మీటరులో రెండు చుక్కలు వేసి చూసి, తుడిచి, మళ్ళీ చూశాడు.

"ఇది సముద్రమా, ఊరగాయనా? ఏం పోసినవ్‌రా?"

ఉప్పునీళ్ళని గర్వంగా చెప్పాను. తగ్గినవి ఏసీ గాలికి ఆవిరైన నీళ్ళని, నీళ్ళు పోయినా ఉప్పు తొట్టిలోనే ఉంటుందని, అందుకే వట్టి మంచినీళ్ళు పోయాలని ఆయన పళ్ళు కొరుకుతూ వివరించాడు. చోటు పళ్ళ దవాఖానే కాబట్టి ఎవరూ కంగారుపడలేదు.

"అయినా గా నీళ్ళతోటే గింత ఉప్పు ఎక్కదు. ఇంకేం జేసినవ్?"

"ఏం జెయ్యలే అన్నా. చేపలకు రోజు దిష్టి తీస్తున్న."

"తీసిన ఉప్పు ఏడ ఏసినవ్?"

"దిష్టి ఉప్పు నీళ్ళల్లనే కలపాలె గదన్నా. దగ్గర్ల గీ నీళ్ళే ఉండె."

క్లినిక్‌లో డ్రిల్లింగ్ మిషన్ కూడా ఆగిపోయింది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు. నీళ్ళలోనే ఉప్పు తిన్నవాడు ఎక్కడికి పోయి తాగాలి, పాపం?

యాదగిరన్న నా చేత రోజూ కాసిన్ని నీళ్ళు తోడించి, అన్ని మంచినీళ్ళు మెల్లమెల్లగా పోయించాడు. నాలుగోనాడు చేపలు మేత తిన్నాయి. నల్గొండ బస్సు నేను లేకుండానే వెళ్ళిపోయింది.

ఆ తొట్టి మీద చేయి వేసి, స్వరూపక్క ముందు శపథం చేశాను. ఉప్పును నాలుకతో కొలవను, చేపకు దిష్టి తీయను, ఈ జన్మలో ఇక ఎవ్వరినీ అనుమానించనని.

ఆమె అపాయింట్‌మెంట్ పుస్తకంలోంచి తలెత్తలేదు.

"అందర్నీ ఇడ్సిపెట్టు గని తమ్మీ, తల దువ్వుకునేటప్పుడు అద్దంల ఒకడు కనబడ్తడు సూడు, గాణ్ణి మాత్రం జర అనుమానించు."