మందు లేని సూది

నాకు చిన్నప్పటి నుంచి సూదులంటే భయం. జ్వరం వచ్చి ఇంజెక్షన్ వేయించాల్సి వస్తే అక్క నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చునేది. ఆమెకు నాకంటే ఎక్కువ భయం. నేనొక గోడకేసి, ఆమె ఇంకో గోడకేసి చూస్తూ ఉంటే కాంపౌండరు నవ్వుకుంటూ పని కానిచ్చేవాడు. అలాంటిదాన్ని నలభై దాటాక ఆదివారం పూట తెనాలి నుంచి బాపట్ల వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకున్నానంటే సరదాకి కాదు. అక్క కుడిచెయ్యి పడిపోయింది. దాన్ని లేపాలి. నాకు కావలసింది అదొక్కటే.

ముందే చెప్పేస్తాను, ఆ చెయ్యి లేవలేదు. ఇది చదివి ఎవరైనా ఆశపడి రైలెక్కుతారేమోనని చెబుతున్నాను. మోకాళ్ళ నొప్పులకీ మెడనొప్పికీ ఇప్పటికీ నా దగ్గరికి తెనాలిలో కొందరు వస్తారు. కొందరు నయంగా ఉందంటారు. వాళ్ళ మాట నేను పూర్తిగా నమ్మను. ఎందుకు నమ్మనో చెప్పడానికే ఇదంతా.

అమ్మ తొందరగా పోతే నన్ను పెంచింది అక్కే. పెళ్ళయి రేపల్లె వెళ్ళింది. బావ పోయాక ఇంటి ముందుగదిలో టిఫిన్ల హోటల్ పెట్టుకుంది. ఒక పెనం, ఒక ఇడ్లీ పాత్ర, రెండు బల్లలు. ఆ హోటల్లో ‘లేదు’ అన్న మాట వినపడేది కాదు. చట్నీ అయిపోతే “నిండుకుందండి, చిటికెలో చేసేస్తా, కూర్చోండి” అనేది. పిండి అడుగంటినా అదే మాట. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి లేదని పంపిస్తే లక్ష్మి కూడా వాడి వెనకే పోతుందని ఆమె నమ్మకం. లేనిదాన్ని లేదంటే ఏం పోతుందని నేను విసుక్కునేదాన్ని.

“నీకేం తల్లీ, బళ్ళో సున్నాలు వేసే ఉద్యోగం. నాది కడుపులు నింపే ఉద్యోగం” అనేది.

ఒకరోజు పొద్దున దోసె వేస్తుండగా ఆమె చేతిలో గరిటె జారిపోయింది. వంగి తీసుకోబోతే చెయ్యి కదల్లేదు. మూతి ఒక పక్కకి పోయింది. గుంటూరు ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. మూతి సర్దుకుంది, కాలు ఈడ్చుకుంటూ నడిచేంత వరకు వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు, స్పర్శ కూడా పోయింది. వేడి గిన్నె తగిలి బొబ్బ లేచినా కళ్ళతో చూస్తేగాని ఆమెకు తెలిసేది కాదు. కూర్చునేటప్పుడు ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, ఎవరిదో సంచీని పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకునేది. పెనం అటకెక్కింది. ఏడాది దాటాక పెద్ద డాక్టరు, “వచ్చేదుంటే ఈపాటికి వచ్చేదమ్మా” అన్నాడు. ఆయనేం తప్పు చెప్పలేదు. అయినా ఆ క్షణాన ఆయన్ని కొట్టాలనిపించింది.

బాపట్లలో ఒక పెద్దాయన చైనా వైద్యం నేర్పుతాడని మా స్కూల్లో ఎవరో అన్నారు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు పట్టుకున్నాను. ఆయన్ని మాస్టారూ అనేవాళ్ళం. మేడమీద ఒక గది, గోడకి మనిషి బొమ్మ, బొమ్మ నిండా గీతలూ చుక్కలూ. మొదటిరోజే అడిగాను, చెయ్యి వస్తుందా అని. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“ఆశ పెట్టుకోవద్దని అననమ్మా. ఎక్కువ పెట్టుకోవద్దంటాను. ఏడాది దాటిందంటున్నావుగా.”

నాకు మొదటి వాక్యమే వినపడింది.

మొదట మడతపెట్టిన కాగితాల మీద గుచ్చాం. తర్వాత బత్తాయి మీద, రసం కారకుండా. వెంట్రుకంత సూది, కొనను చూడాలంటే వెలుతురుకి పట్టుకోవాలి. కాస్త గట్టిగా నొక్కితే ఆ సూది విల్లులా వంగిపోయేది. ఆ తర్వాత ఎవరి కాలి మీద వాళ్ళే గుచ్చుకోవాలన్నాడు. మోకాలి కింద, బయటివైపు, నాలుగు వేళ్ళ వెడల్పు దిగువన. వేళ్ళంటే గుచ్చేవాళ్ళ వేళ్ళు కాదు, వైద్యం ఎవరికో వాళ్ళ వేళ్ళు. ఎవరి ఒంటికి వాళ్ళ ఒళ్ళే కొలబద్ద. కళ్ళు మూసుకుని గుచ్చుకున్నాను. చీమ కుట్టినట్టు కూడా అనిపించలేదు. మెల్లగా తిప్పమన్నాడు. తిప్పాను. ఉన్నట్టుండి లోపల బరువుగా ఏదో పట్టుకుని పాదం దాకా లాగింది.

“అదీ! గేలానికి చేప తగిలినట్టుంటుంది. అవతలివాళ్ళకి లాగినట్టు తెలియాలి, నీ వేలికి పట్టినట్టు తెలియాలి. రెండూ తెలిస్తేనే సూది పనిచేస్తున్నట్టు. ప్రతిసారీ అడగండి, తెలిసిందా అని” అన్నాడు మాస్టారు.

ఆ లాగుడు నన్ను ముంచింది. అది తెలియకపోయుంటే నాలుగు వారాలకి మానేసేదాన్నేమో. అంత సన్నటి సూది నా కాలిని లాగగలిగితే అక్క చేతిని లాగలేదా అనుకున్నాను.

పేషెంట్లను చూడటం నేర్పేటప్పుడు ఆయనకొక పెద్ద చిక్కు ఉండేది. చైనా పద్ధతిలో నాలుక చూడాలి. దాని మీది పాచి తెల్లగా ఉందా, పచ్చగా ఉందా, మందమెంత అన్నదాన్ని బట్టి లోపలి సంగతి చెబుతారు. మనవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్తున్నామంటే శుభ్రంగా పళ్ళు తోముకుని, నాలిక బద్దతో బరబరా గీసుకుని మరీ వస్తారు. నోరు తెరిస్తే కడిగిన పళ్ళెం. గీసుకోవద్దని ఆయన గోడ మీద రాసిపెట్టాడు. అది చదివినవాళ్ళు కూడా గీసుకునే వచ్చేవాళ్ళు. “పాచినోటితో మీ ముందు కూర్చుంటే ఏం బాగుంటుందండీ?” అని ఒక పెద్దావిడ ఎదురడిగింది. అందరం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. “జబ్బుని కూడా ముస్తాబు చేసి తెస్తారమ్మా మనవాళ్ళు” అన్నాడు. ఆ మాట నేను అప్పుడే పట్టించుకుని ఉండాల్సింది.

మాస్టారు సరేనన్నాక అక్కకి మొదలుపెట్టాను. పొద్దున బాపట్లలో క్లాసు, తిరిగి తెనాలి, అక్కడి నుంచి రేపల్లె పాసింజరు. వేమూరు దాటేసరికి ఒళ్ళు హూనమయ్యేది. అక్క ఎడమచేత్తో కష్టపడి తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, మంచం మీద కూర్చుని ఉండేది. నాలుక చూపించమంటే తళతళలాడేది. గీసుకోవద్దన్నాను కదే అంటే, “అలవాటు, చెయ్యి ఆగదు” అనేది. ఆగనిది ఆ ఒక్క చెయ్యే.

మొదటిరోజు సూది చూసి అడిగింది.

“ఇందులో మందేదే?”

“మందుండదు. ఉత్త సూదే.”

“మందు లేని సూది ఏం సూదే? ఉప్పు లేని పప్పులాగా.”

“నీ చేతిలో పెద్దపేగు నాలుగు అని ఒక చోటుంది, అక్కడ గుచ్చుతా. మాట్లాడకుండా కూర్చో.”

“నా పెద్దపేగు చేతిలోకి ఎప్పుడు పాకిందే!” అని పగలబడి నవ్వింది. హోటల్ మూతపడ్డాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే భయంతో మొహం గోడవైపు తిప్పుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుచ్చి, తిప్పి, “తెలిసిందా?” అన్నాను. “ఆ... తెలుస్తోందే. లాగుతోంది” అంది.

స్పర్శ లేని చేతిలో లాగుతోందట! వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. తెనాలి వెళ్ళే రైల్లో పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆవిడతో కూడా చెప్పాను, మా అక్కకి చెయ్యి వస్తోందండీ అని. నా వేలికి మాత్రం ఏమీ పట్టలేదు. పిండిముద్దలో గుచ్చినట్టు సూది ఊరికే దిగింది. నాకింకా చెయ్యి తిరగలేదులే అనుకున్నాను. ఆ సంగతి చెబితే మాస్టారు నా మొహంలోకి చూసి, “వేలు అబద్ధమాడదమ్మా” అన్నాడు. ముసలాయనకి చాదస్తం అనుకున్నాను.

వారం వారం అక్క లాగుడు పైకి పాకింది. మొదట మణికట్టు, తర్వాత మోచెయ్యి. చెయ్యి మాత్రం ఒళ్ళో సంచీలాగే ఉంది. ముందు నరం మేలుకుంటుంది, తర్వాత కండ అని నాకు నేనే ఒక శాస్త్రం కల్పించుకున్నాను. అటక మీద పెనం దింపి తోమి పెట్టాను కూడా.

ఎండాకాలంలో ఒక ఆదివారం కరెంటు లేదు. నా వేళ్ళకి చెమట. అక్క చేతిని దూదితో తుడిచి, సూదుల పొట్లం చింపబోతే అది జారిపోతోంది. పళ్ళతో కొరకడానికి పక్కకి తిరిగాను.

“ఆ... తెలుస్తోందే. ఇవాళ భుజం దాకా లాగుతోంది” అంది అక్క, గోడవైపు చూస్తూ.

పొట్లం నా పళ్ళ మధ్యే ఉంది. అందులోంచి సూది ఇంకా బయటికే రాలేదు.

పొట్లం చేతిలోకి తీసుకున్నాను.

“అక్కా, ఇటు తిరుగు.”

తిరిగింది. చింపని పొట్లం చూసింది. తన చేతిని చూసుకుంది. తల దించుకుంది.

“మొదటి నుంచీ ఇంతేనా?” అన్నాను. నా గొంతు నాకే కర్కశంగా వినిపించింది. “ఎందుకే? ఊరంతా చాటింపు వేశానే నేను!”

“ఎండనబడి, రెండు రైళ్ళెక్కి వస్తావు. సూది పట్టుకుని నా మొహంలోకి అట్టా చూస్తావు. నీకు ఏం పెట్టి పంపను? ఇదొక్కటే ఉంది నా దగ్గర” అంది.

నాకు కోపం ఎటు పోయిందో తెలియదు. పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి పొట్లం చింపాను. ఎందుకు చింపానో ఇప్పటికీ చెప్పలేను. ఈసారి గోడకేసి చూడొద్దన్నాను. తలూపింది. సూదికి భయపడే ఇద్దరం ఆ చేతినే చూస్తూ కూర్చున్నాం. గుచ్చాను. మెల్లగా తిప్పాను. పిండిముద్దే.

“తెలిసిందా, అక్కా?”

పెదవులు అలవాటైన మాట వైపు కదలడం చూశాను. సూది వంక అలాగే చూసింది.

“లేదే” అంది.

గుమ్మంలోకి వచ్చినవాళ్ళెవరికీ అక్క ఎప్పుడూ చెప్పని మాట అది. సూది తీసేశాను. చుక్క రక్తం కూడా రాలేదు.